భుజం విరిగితే కసరత్తు ఎక్కడ చేయాలి?

వయసు మీద పడితే ఎముకలు గుల్లబారతాయి. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. తడి నేల మీద కాలు జారి పడితే చాలు, భుజం దగ్గర ఎముక విరుగుతుంది.

డాక్టరు ఎక్స్‌రే తీయించి చూస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చాలామందికి మెడకు పట్టీ వేసి, చేతిని దానిలో ఉంచుతారు. ఎముక మెల్లగా అతుక్కుంటుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. నొప్పికి భయపడి చెయ్యి కదపరు. "మళ్లీ విరుగుతుందేమో" అని ఇంట్లోవాళ్లూ కదపనివ్వరు. అలా నెలలు గడిస్తే భుజం బిగుసుకుపోతుంది. ఎముక అతుక్కున్నా జడ వేసుకోలేరు. రవిక తొడుక్కోలేరు. ప్రతిదానికీ కూతురో కోడలో రావాలి.

అందుకే కసరత్తు కావాలి. దాన్ని నేర్పేవారిని ఫిజియోథెరపిస్టు అంటారు. మరి రోజూ ఆసుపత్రికి పోవాలా? బస్సు ఛార్జీలు కావాలి. తోడు వచ్చేవాళ్లకు కూలి పోతుంది.

స్వీడన్ దేశంలో డాక్టర్లు ఈ సంగతే పరీక్షించారు. ఎముక విరిగినా పక్కకు జరగని వాళ్లను తీసుకున్నారు. కొందరికి ఫిజియోథెరపిస్టు దగ్గర కసరత్తు చేయించారు. మిగతావాళ్లకు నేర్పి, సొంతంగా చేసుకోమన్నారు. ఫలితం 1979లో అచ్చయింది. ఇద్దరికీ పెద్ద తేడా లేదు!

అయితే కాగితం చేతికిచ్చి పంపడం నేర్పడం కాదు. ఎదురుగా చేసి చూపించమని అడగండి. "ఇలాగేనా?" అని మీరూ చేసి చూపండి. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి రాసుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ముందు వేళ్లు, మణికట్టు కదుపుతారు. తర్వాత ఊగుడు కసరత్తు. మంచి చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగాలి. దెబ్బ తగిలిన చేతిని వేలాడనిచ్చి, మెల్లగా ఊపాలి. పలక మీద సున్నా చుట్టినట్టు గాలిలో చుట్టాలి. కొన్ని వారాలకు వేళ్లను గోడ మీద పైకి పాకించాలి. ఎంత ఎత్తు అందిందో బొగ్గుతో గీత గీసి, పక్కనే తేదీ వేయండి. గీత పైకి పోతుంటే ఆ ధైర్యమే వేరు.

నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించవద్దు. డాక్టరు సరే అనేదాకా బిందె ఎత్తవద్దు.

కసరత్తు చేస్తే కొంచెం నొప్పి ఉంటుంది. కాసేపటికి తగ్గుతుంది. నొప్పి తగ్గక పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎముక ముక్కలైనవాళ్లు, ఆపరేషన్ చేసి ప్లేటు వేయించుకున్నవాళ్లు మాత్రం ఫిజియోథెరపిస్టు ఎదుట చేయడమే మేలు. సొంతంగా చేయడానికి బాగా భయపడేవాళ్లకూ అంతే.