వంటచెరకు కోతలో దుంగకు పట్టు: కత్తెర చట్రంతో భద్రత

జమ్మికుంట పరిసర గ్రామాలలో పత్తి ఏరడం ముగిసిన తరువాత వంటచెరకు సమకూర్చుకోవడం ఆనవాయితీ. గట్ల మీది తుమ్మ, వేప కొమ్మలు, చేలలో మిగిలిన పత్తి కట్టె ఇందుకు ఆధారం. రంపం పదును విషయంలో శ్రద్ధ వహించే రైతు కూడా దుంగను నిలిపే పద్ధతిని పట్టించుకోడు. నేల మీద పెట్టి పాదంతో తొక్కిపట్టడం, మరొకరిని దానిపై కూర్చోబెట్టడం పరిపాటి. విద్యార్థి దశలో ఈ విధంగా వేప కొమ్మ కోస్తుండగా రంపం జారి నా ఎడమ పాదానికి తగిలింది. ఆ మచ్చ నేటికీ ఉంది. అది చేతిరంపం కనుక మచ్చతో పోయింది. నేడు గ్రామాలకు చైన్ రంపాలు వస్తున్నాయి.

రంపం ఎందుకు బిగుస్తుంది?

రెండు చివరలా ఆనిన దుంగను మధ్యలో కోస్తే, దాని బరువుకు పైభాగం ఒత్తుకొని రంపాన్ని పట్టేస్తుంది. ఆధారానికి వెలుపలకు చాచిన భాగాన్ని కోస్తే పైభాగం సాగి, గాటు తెరుచుకొని, ముక్క సులువుగా కింద పడుతుంది. కాబట్టి కోత ఎల్లప్పుడూ ఆధారానికి వెలుపలే ఉండాలి.

చట్రం తయారీ

మణికట్టు లావున్న, మీటరు పొడవు గల నాలుగు గట్టి కర్రలు తీసుకోవాలి. రెండేసి కర్రలను అడుగు నుండి 65 సెం.మీ. వద్ద కత్తెర వలె కలిపి బోల్టు బిగించాలి. కర్రల మధ్య సుమారు 90 డిగ్రీల కోణం ఉంటే దుంగ ఒదిగి కూర్చుంటుంది, దొర్లదు. రెండు కత్తెరలను 40 సెం.మీ. ఎడంగా నిలిపి, కాళ్లను ఇరువైపులా అడ్డపట్టీలతోనూ, ఒక ఏటవాలు పట్టీతోనూ బిగించాలి. దుంగ మోకాలికి, నడుముకు నడుమ ఎత్తులో ఉండి వీపుకు శ్రమ తగ్గుతుంది.

వాడే విధానం

• దుంగలో అధిక భాగం చట్రంపైనే ఉంచి, కత్తెరకు జానెడు దూరంలో కోయాలి.
• చేతిరంపంతో కోసేటప్పుడు, ఒక కొస చట్రానికి కట్టిన తాడును దుంగ మీదుగా తెచ్చి, రెండవ కొసన ఉచ్చు వేసి పాదంతో అదిమితే దుంగ కదలదు.
• చైన్ రంపంతో పాద ఉచ్చు వాడరాదు. కోతకు దూరంగా తాడుతో దుంగను చట్రానికి కట్టి, రెండు పాదాలూ నేలపై ఆనించి నిలబడాలి. పలక కొన పైభాగం మరొక కర్రకు తగిలితే రంపం మనిషి వైపు ఎగిరి తంతుంది. కనుక పలక రేఖకు కొంత పక్కగా నిలవాలి.
• రెండవ వ్యక్తి చేతితో దుంగను పట్టుకోరాదు.
• రెండు కత్తెరలపై ఆనని పొట్టి ముక్కను కోయకుండా అలాగే పొయ్యికి వదిలివేయడం మేలు.

పత్తి కట్టెను మోపుగా కట్టి, రెండు చోట్ల తాడు బిగించి ఇదే చట్రంపై చేతిరంపంతో కోయవచ్చు. అయితే విచ్చుకోని కాయలను ముందే ఏరి నాశనం చేయాలి. వాటిలో దాగిన గులాబీ రంగు పురుగు వచ్చే పంటకు సంక్రమిస్తుంది. ఆ కారణంగా కట్టెను చేల పక్కన ఎక్కువకాలం నిల్వ చేయరాదు.

విస్తరణ సిబ్బందికి సూచన

మందు పిచికారీలో జాగ్రత్తలు చెప్పే మనం వంటచెరకు కోతను వ్యవసాయ పనిగా లెక్కించడం లేదు. దుంగను పట్టుకొని కూర్చునేది తరచుగా ఇంటి స్త్రీ లేదా కూలి మనిషి. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో పావుగంట సమయం, నాలుగు కర్రలు, రెండు బోల్టులు కేటాయిస్తే, ఆ చేతులను రంపం దారి నుండి తప్పించవచ్చు.