వైర్‌లెస్ స్మోక్, హీట్ డిటెక్టర్లు: అమరిక, నిర్వహణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది మంట కాదు, పొగ. నిద్రలో ఉన్నవారిని పొగ కమ్ముకోకముందే లేపడం స్మోక్, హీట్ డిటెక్టర్ల పని. ఈ పరికరాలు పొగను, వేడిని పసిగట్టే తీరు, తీగలు లేకుండా ఒకదానికొకటి కబురు అందించుకునే విధానం, ఇంట్లో వాటిని బిగించవలసిన చోట్లు, బిగించిన తరువాత తీసుకోవలసిన శ్రద్ధ ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. పరికరం కొన్నంత మాత్రాన రక్షణ సమకూరదనీ, తగిన చోట అమర్చి క్రమం తప్పకుండా పరీక్షించినప్పుడే అది అక్కరకు వస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అగ్నిప్రమాదం, పొగ, స్మోక్ డిటెక్టర్, హీట్ డిటెక్టర్, వైర్‌లెస్ అనుసంధానం, అనుమానం, గృహభద్రత.

1. ఉపోద్ఘాతం:
2025 మే 18వ తేదీ ఉదయం హైదరాబాదులో చార్మినార్‌కు సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. మృతుల్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న కట్టడం అది. అంతకు ముందు 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాలకు నిప్పంటుకొని కనీసం 9 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు సంఘటనల్లోనూ నిప్పు పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన. ఆ మధ్య దూరాన్ని మంటకన్నా ముందుగా దాటింది పొగ.

వేడి పొగ పైకి లేస్తుంది. మెట్ల దారి దానికి పొగగొట్టంలా పనిచేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ప్రాణవాయువు ప్రయాణాన్ని అడ్డుకొని మనిషిని మగతలోకి దించుతుంది. పైగా, నిద్రలో వాసన పసిగట్టే శక్తి మందగిస్తుంది. మాడువాసనకు మెలకువ వస్తుందన్న నమ్మకం ఆధారపడదగినది కాదు. నిద్రించే మనిషిని లేపగలిగేది ప్రధానంగా శబ్దమే. అందువల్ల మనుషులు నిద్రపోతున్నప్పుడు మేలుకొని ఉండే పరికరం ఒకటి ఇంట్లో అవసరమవుతుంది.

2. పొగ నుంచి నిప్పును ఊహించడం:
కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని గ్రహించడం అనుమాన ప్రమాణానికి తర్కశాస్త్రం చెప్పే ప్రసిద్ధమైన ఉదాహరణ. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం చదివినవారికి ఇది పరిచితమే. ఇక్కడ పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. ఆ నియమానికి చూపే దృష్టాంతం వంటిల్లు. స్మోక్ డిటెక్టర్ ఇంటి పైకప్పు మీద ఉండి ఈ అనుమానాన్నే క్షణక్షణం చేస్తూ ఉంటుంది.

అయితే ఈ అనుమానానికి మూడు చిక్కులున్నాయి. మొదటిది, పొగ కానిదాన్ని పొగగా పొరబడటం. స్నానాల గది నుంచి వచ్చే ఆవిరి, దుమ్ము, లోపల దూరిన పురుగు పరికరాన్ని మోసగిస్తాయి. రెండవది, తార్కికులకు చక్కని దృష్టాంతమైన వంటిల్లే డిటెక్టరుకు పెద్ద సమస్య కావడం. అక్కడ పొగ ఉంది, నిప్పూ ఉంది, ప్రమాదం మాత్రం లేదు. తాలింపులో ఎండుమిరపకాయ మాడిన ప్రతిసారీ అలారం మోగితే ఇంటివారు దాన్ని ఊడదీసి పక్కన పెట్టేస్తారు. మూడవది, ఎర్రగా కాలిన ఇనుపగుండు. దానిలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. కనుక పొగ లేకపోవడం నిప్పు లేదనడానికి ఆధారం కాదు. మొదటి చిక్కును అమరిక, నిర్వహణ తీరుస్తాయి. తక్కిన రెండింటికీ హీట్ డిటెక్టర్ సమాధానం.

3. పనితీరు:
మంటను యంత్రంతో గుర్తించే ప్రయత్నాలు కొత్తవి కావు. విద్యుత్తుతో తనంతట తాను పనిచేసే అగ్నిప్రమాద హెచ్చరిక పరికరానికి 1890లో అమెరికాలో ఫ్రాన్సిస్ ఆప్టన్, ఫెర్నాండో డిబుల్ పేటెంటు పొందారు. 1930లలో విషవాయువును గుర్తించే సాధనం కోసం ప్రయత్నించిన స్విట్జర్లాండ్ భౌతికశాస్త్రవేత్త వాల్టర్ యేగర్ పరికరం ఆ వాయువుకు స్పందించలేదు కాని, సిగరెట్ పొగకు స్పందించింది. బ్యాటరీతో నడిచే గృహోపకరణంగా స్మోక్ డిటెక్టర్ 1960లలో రూపొందింది.

నేడు ఇళ్లలో వాడే స్మోక్ డిటెక్టర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఆప్టికల్ రకంలో ఒక చీకటి గది ఉంటుంది. అందులో చిన్న దీపం వెలుగు నేరుగా గ్రాహకం మీద పడకుండా ఏర్పాటు ఉంటుంది. పొగ కణాలు లోనికి రాగానే వెలుగు వాటిని తాకి చెదురుతుంది. చెదిరిన వెలుగు గ్రాహకానికి తగలగానే అలారం మోగుతుంది. అయోనైజేషన్ రకంలో అత్యల్ప పరిమాణంలో అమెరీషియం-241 ఉంటుంది. అది గాలిలో కలిగించే స్వల్ప విద్యుత్ ప్రవాహాన్ని పొగ కణాలు తగ్గిస్తాయి. పరుపు, దూది, వైర్ల పైతొడుగు వంటివి మంట లేకుండా రగిలేటప్పుడు మొదటి రకం త్వరగా స్పందిస్తుంది. భగ్గున లేచే మంటకు రెండవది త్వరగా స్పందిస్తుంది. ఇళ్లలో రాత్రివేళ ప్రమాదాలు నెమ్మదిగా రగిలే నిప్పుతో మొదలయ్యే అవకాశం ఉన్నందున పడకగదుల దగ్గర ఆప్టికల్ రకం మేలు.

హీట్ డిటెక్టర్ పొగను లెక్కచేయదు. నిర్ణీత ఉష్ణోగ్రత చేరగానే మోగేది ఒక రకం. ఉష్ణోగ్రత అసాధారణ వేగంతో పెరిగితే మోగేది మరొక రకం. ఐరోపా ప్రమాణాల్లో ఎ1 తరగతి డిటెక్టర్ 54 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య స్పందించాలి. మామూలు వేళల్లో 50 డిగ్రీలు దాటని చోటికే అది తగినది. రేకుల కప్పు కింద మే నెల వేడిని దృష్టిలో ఉంచుకున్నప్పుడు ఈ అంకె ముఖ్యమైనది. అటువంటి చోట ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతకు స్పందించే తరగతిని ఎంచుకోవాలి. వేడి పేరుకునేసరికి పొగ చాలా దూరం వెళ్లి ఉంటుంది. కనుక హీట్ డిటెక్టర్ వంటింటికి, వాహనాలు నిలిపే చోటికి తగినదే కాని, పడకగదికి స్మోక్ డిటెక్టరుకు బదులు కాజాలదు.

4. తీగలు లేని అనుసంధానం:
గృహ అలారం శబ్దం మూడు మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ ఉండాలన్నది ప్రమాణం. కాని మూసిన తలుపు, తిరిగే ఫ్యాను, ఏసీ చప్పుడు, మధ్యలోని ఒక అంతస్తు ఈ శబ్దాన్ని మింగేస్తాయి. కింది వంటింట్లో మోగిన అలారం పైఅంతస్తులో పడుకున్న ముసలివారికి వినిపించకపోతే అది మోగినా మోగనట్టే. ఈ లోటును తీర్చేదే అనుసంధానం. ఒక పరికరం ప్రమాదాన్ని గుర్తిస్తే ఇంట్లోని అన్నీ ఒకేసారి మోగుతాయి.

పూర్వం దీనికి గోడలు తవ్వి తీగలు వేయవలసి వచ్చేది. కట్టి పూర్తయిన ఇంట్లో, ముఖ్యంగా అద్దె ఇంట్లో, అది సాధ్యం కాని పని. వైర్‌లెస్ పరికరాలు రేడియో తరంగాలతో ఆ పని చేస్తాయి. ఐరోపాలో ఇవి సాధారణంగా 868 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. భారతదేశంలో తక్కువ శక్తి పరికరాలకు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరం లేదు. వేరే దేశంలోని బంధువులు తెచ్చి ఇచ్చే పరికరాలు అక్కడి తరంగాలకు తయారైనవి కావచ్చు. కనుక వాటిని బిగించేముందు ఈ వివరం సరిచూసుకోవాలి.

రేడియో అనుసంధానం, ఇంటర్నెట్ అనుసంధానం ఒకటి కావు. కొన్ని పరికరాలు వైఫై ద్వారా ఫోనుకు సందేశం పంపుతాయి. ఇంటివారు ఊళ్లో లేనప్పుడు అది ఉపయోగపడుతుంది. అయితే షార్ట్ సర్క్యూట్ జరిగితే కరెంటు పోతుంది, రూటర్ ఆగిపోతుంది. అప్పుడు కూడా బ్యాటరీతో నడుస్తూ పరికరాలు నేరుగా ఒకదానికొకటి కబురు అందించుకోగలగాలి. ఫోను సందేశం అదనపు సౌకర్యమే కాని సైరనుకు ప్రత్యామ్నాయం కాదు.

5. అమరిక:
5.1. ఎక్కడ?
ఈ విషయంలో స్కాట్లాండ్ అనుభవం గమనించదగినది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ ప్రమాదంలో 72 మంది మరణించిన తరువాత అక్కడి ప్రభుత్వం నిబంధనలను సవరించింది. 2022 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి ఇంట్లో పగలు ఎక్కువగా వాడే గదిలో ఒక స్మోక్ అలారం, ప్రతి అంతస్తులోని నడవలో లేదా మెట్ల దగ్గర ఒకటి, ప్రతి వంటింట్లో ఒక హీట్ అలారం ఉండాలి. అవన్నీ పైకప్పుకు బిగించినవై, పరస్పరం అనుసంధానమై ఉండాలి. ఈ విభజనలోని తర్కం స్పష్టం. నిప్పు పుట్టే చోటు, మనుషులు మసలే చోటు, బయటపడే దారి - ఈ మూడింటికీ కాపలా ఉండాలి. తలుపులు మూసుకొని పడుకునే ఇళ్లలో పడకగదుల్లోనూ ఒక్కొక్కటి బిగిస్తే రక్షణ పెరుగుతుంది.

5.2. ఎలా?
పొగ పైకి లేచి కప్పు కింద పరచుకుంటుంది. కనుక పరికరం గది పైకప్పు మధ్యభాగానికి దగ్గరగా ఉండాలి. గోడా కప్పూ కలిసే మూల దగ్గరి గాలిలో కదలిక తక్కువ. అందుచేత గోడకు, దీపానికి కనీసం 30 సెంటీమీటర్ల ఎడం పాటించాలి. బ్రిటిష్ గృహ ప్రమాణం ప్రకారం గదిలో ఏ బిందువూ స్మోక్ డిటెక్టరుకు 7.5 మీటర్లకన్నా, హీట్ డిటెక్టరుకు 5.3 మీటర్లకన్నా దూరంగా ఉండకూడదు.

తెలుగువారి ఇళ్లలో కప్పు మధ్య స్థానం సాధారణంగా సీలింగ్ ఫ్యానుది. ఫ్యాను గాలి పొగను చెదరగొట్టి పరికరానికి చేరనివ్వదు. అందువల్ల ఫ్యాను రెక్కల చివర నుంచి, ఏసీ గాలి వచ్చే చోటు నుంచి కనీసం మూడు అడుగుల దూరంలో బిగించాలి. పూజగది గుమ్మం ముందు, స్నానాల గది తలుపు పక్కన బిగిస్తే అగరుబత్తి పొగ, సాంబ్రాణి ధూపం, వేడినీటి ఆవిరి పదేపదే అలారాన్ని మోగిస్తాయి.

5.3. జత చేయడం:
పరికరాలన్నిటినీ కప్పుకు బిగించకముందే ఒకచోట పెట్టి, తయారీదారు చెప్పిన క్రమంలో జత చేయాలి. ఆ సమయంలో అవి ఒకే ఇంటి సంకేతాన్ని గుర్తుంచుకుంటాయి. అపార్ట్‌మెంటులో పక్కింటి అలారం మోగితే మన ఇంట్లోవి మోగకుండా ఉండటానికి ఈ సంకేతమే ఆధారం. బల్ల మీద జతపడినవి కప్పు మీద కూడా జతగానే ఉంటాయని అనుకోరాదు. కాంక్రీటు స్లాబులోని ఇనుప చువ్వలు, ఇనుప బీరువాలు, పెద్ద అద్దాలు తరంగాలను బలహీనపరుస్తాయి. కనుక బిగించిన తరువాత ప్రతి పరికరం మీది బటన్ విడివిడిగా నొక్కి, తక్కినవన్నీ మోగుతున్నాయో లేదో ఇంట్లో ఒకరు తిరిగి చూడాలి. తలుపులు మూసి చూస్తే ఫలితం మరింత నమ్మదగినది.

6. నిర్వహణ:
అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం పరిశీలన ప్రకారం అక్కడి గృహ అగ్నిప్రమాద మరణాల్లో దాదాపు ఐదింట మూడు వంతులు అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పనిచేయని ఇళ్లలోనో సంభవించాయి. పనిచేయకపోవడానికి ప్రధాన కారణం బ్యాటరీ లేకపోవడం, తీసివేయడం, అయిపోవడం. అంటే ఈ విషయంలో పరికరం లోపంకన్నా మనిషి చేసే పని పెద్దది.

కనీసం నెలకొకసారి పరీక్ష బటన్ నొక్కాలి. వైర్‌లెస్ వ్యవస్థలో నొక్కిన పరికరం మోగితే చాలదు, తక్కినవి కూడా మోగాలి. ఏడాదికి రెండుసార్లయినా మెత్తని కుంచెతోనో వాక్యూమ్ క్లీనరుతోనో అంచుల్లోని దుమ్ము తీయాలి. నీళ్లు, సబ్బు, పురుగుల మందు తగలనీయకూడదు. పండుగల ముందు బూజు దులపడం తెలుగిళ్లలో ఉన్న ఆచారమే. సంక్రాంతికి, దసరాకు చేసే ఆ పనిలో దీన్ని చేరిస్తే వేరుగా గుర్తుంచుకోవలసిన అవసరం ఉండదు. గోడలకు రంగులు వేయించేటప్పుడు పరికరాన్ని తాత్కాలికంగా కప్పవచ్చు. పని ముగిసిన రోజే ఆ కవరు తీసివేయాలి. పరికరం మీద రంగు వేయరాదు.

బ్యాటరీ నీరసించినప్పుడు పరికరం నిమిషానికొకసారి చొప్పున చిన్నగా కూస్తుంది. చల్లబడినప్పుడు బ్యాటరీ శక్తి ఇంకా తగ్గుతుంది కనుక ఈ కూత తెల్లవారుజామున మొదలు కావడం కద్దు. నిద్ర చెడిందన్న విసుగుతో బ్యాటరీ పీకివేసి, మళ్లీ పెట్టడం మరచిపోయే సందర్భం ఇదే. మూసివేసిన లిథియం బ్యాటరీతో పదేళ్ల వరకు నడిచే రకాలు ఈ బెడదను తగ్గిస్తాయి. అయితే ఏ స్మోక్ అలారమైనా పదేళ్లకు మించి ఉంచకూడదు. లోపలి గ్రాహకం అప్పటికి నమ్మకం కోల్పోతుంది. బిగించిన తేదీని పరికరం అంచు మీద రాసిపెట్టడం మంచిది.

పొరపాటున మోగే అలారానికి పరిష్కారం దాని నోరు మూయడం కాదు, చోటు మార్చడం. విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో వంటింటి పక్కనున్న స్మోక్ అలారానికి పాలిథిన్ సంచి కట్టడం వినవస్తూ ఉంటుంది. వంటింట్లో హీట్ డిటెక్టర్ పెట్టి, స్మోక్ డిటెక్టరును పొయ్యికి పది అడుగుల దూరానికి జరపడం దీనికి సరైన మార్గం. చాలా పరికరాలకు కొద్ది నిమిషాలపాటు మౌనంగా ఉంచే బటన్ కూడా ఉంటుంది.

7. ఇంటివారికి తెలియవలసినవి:
పరికరం మీది సూచనలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో పగలంతా ఉండేది తరచుగా పెద్దవారు. ఆగి ఆగి వచ్చే చిన్న కూత బ్యాటరీకి సంబంధించినదనీ, ఆగకుండా మోగేది ప్రమాద సూచన అనీ, అప్పుడు సామాను కోసం వెదకక బయటికి వెళ్లాలనీ, 101 లేదా 112కు ఫోను చేయాలనీ తెలుగులో రాసి మీటరు బోర్డు దగ్గర అంటించడం అవసరం. సన్నని హెచ్చు శ్రుతి శబ్దం చిన్నపిల్లలను, వినికిడి తగ్గినవారిని లేపలేకపోవచ్చు. వారి గదికి 520 హెర్ట్జ్ తక్కువ శ్రుతిలో మోగేది, లేదా పరుపును కదిలించే పరికరం మేలు. కిటికీ గ్రిల్లుకు, రాత్రి తాళం వేసే ఇనుప తలుపుకు తాళంచెవి ఎక్కడ ఉంటుందో అందరికీ తెలిసి ఉండాలి. అలారం ఇచ్చేది కొన్ని నిమిషాల వ్యవధి మాత్రమే. దారి మూసి ఉంటే ఆ వ్యవధి వృథా అవుతుంది.

8. ముగింపు:
- పొగను గుర్తించడం, వేడిని గుర్తించడం వేరువేరు పనులు. నడవకు, పడకగదికి స్మోక్ డిటెక్టర్, వంటింటికి హీట్ డిటెక్టర్ తగినవి.
- నిప్పు పుట్టిన చోటికీ మనిషి నిద్రించే చోటికీ ఉన్న దూరాన్ని వైర్‌లెస్ అనుసంధానం తొలగిస్తుంది. గోడలు తవ్వనవసరం లేనందున పాత ఇళ్లకు, అద్దె ఇళ్లకు ఇది అనువైనది.
- ఫ్యాను, ఏసీ, ధూపం, ఆవిరి గమనించి చోటు నిర్ణయిస్తే పొరపాటు అలారాలు తగ్గుతాయి. అవి తగ్గితేనే అలారం మీద నమ్మకం నిలుస్తుంది.
- నెలకొకసారి పరీక్ష, పండుగలకు దుమ్ము దులపడం, పదేళ్లకు మార్చడం అన్న మూడు అలవాట్లే నిర్వహణ సారాంశం.

కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించడానికి మనిషి కళ్లు తెరిచి ఉండాలి. కళ్లు మూసుకున్న వేళ ఆ పనిని ఒక చిన్న యంత్రానికి అప్పగించినప్పుడు, అది మేలుకొని ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోవలసిన బాధ్యత మనిషిదే.