విద్యుత్ సమాచారానికి వెల చెల్లించేది ఎవరు?

ఒకప్పుడు మీటరు రీడరు నెలకొకసారి ఇంటికి వచ్చి, అంకె చూసి, బిల్లు చేతికిచ్చి వెళ్ళేవాడు. స్మార్ట్ మీటరు ఆ అంకెను తానే విద్యుత్ సంస్థకు పంపుతుంది. అందుకు మీటరు ఒక్కటే చాలదు. సమాచారాన్ని మోసే నెట్‌వర్కు, భద్రపరచే సర్వరు, లెక్కకట్టే సాఫ్ట్‌వేరు కూడా కావాలి. మీటరు ఖర్చు ఒక్కసారితో తీరుతుంది. తక్కిన ఖర్చులు ఏటేటా కొనసాగుతాయి.

బెస్కాం పరిధిలోని పట్టణ ప్రాంతాలలో 2025 ఫిబ్రవరి 15 నుండి కొత్త శాశ్వత కనెక్షన్లకు స్మార్ట్ మీటరు తప్పనిసరి అయింది. సింగిల్ ఫేజ్ మీటరుకు సుమారు 5,000 రూపాయలు వినియోగదారులే భరించవలసి రావడంతో వివాదం రేగి, హైకోర్టు వరకు వెళ్ళింది.

ఈ భారాన్ని పంచే పద్ధతులు పలు విధాలు. మొదటిది, వినియోగదారులే మీటరు ధరను ముందుగా చెల్లించడం. రెండవది, కేంద్ర ప్రభుత్వ ఆర్‌డీఎస్‌ఎస్ పథకంలోని పద్ధతి: గుత్తసంస్థ పెట్టుబడి పెట్టి మీటర్లను నడుపుతుంది, విద్యుత్ సంస్థ దానికి వాయిదాలలో చెల్లిస్తుంది. సాధారణ రాష్ట్రాలలో కేంద్రం మీటరు వ్యయంలో 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయలు ఇస్తుంది. మూడవది బ్రిటన్ పద్ధతి. అక్కడ 2016 నుండి ఒకే సంస్థ స్మార్ట్ మీటర్ల సమాచారాన్ని చేరవేస్తున్నది. దాని ఖర్చును విద్యుత్, గ్యాస్ సంస్థలు చెల్లిస్తాయి. చివరకు అది ఇంటి బిల్లులోనే కలుస్తుంది.

ఏ పద్ధతిలోనైనా సొమ్ములో అధిక భాగం చేరేది ప్రజల నుండే. కనుక అసలు ప్రశ్న, పంపకం ఎట్లు జరగాలన్నదే. ఉదాహరణకు, సమాచార వ్యయం మీటరుకు నెలకు 60 రూపాయలనుకుందాం. అందరిపైనా సమానంగా విధిస్తే, 60 యూనిట్లు వాడే ఒంటిగది కుటుంబంపై యూనిట్‌కు రూపాయి పడుతుంది. 600 యూనిట్లు వాడే భవంతిపై 10 పైసలే పడుతుంది. వాడకాన్ని బట్టి విధిస్తే ఇద్దరికీ యూనిట్‌కు ఒకే భారం. రీడింగు ఖర్చు తగ్గడం, విద్యుత్ చౌర్యం బయటపడడం వంటి లాభాలు సంస్థకు చేరుతాయి కనుక, ఆ ఆదాను కూడా లెక్కలో చూపాలని అడగడం సమంజసమే.

ఈ విషయంలో చట్టం కొన్ని హక్కులనిచ్చింది. 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం సంస్థ మీటరుకు డిపాజిట్టు తీసుకొని అద్దెకివ్వవచ్చు. కోరినవారు సొంతంగా కొనుక్కోవచ్చు. 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం స్మార్ట్ మీటరును రోజుకు కనీసం ఒక్కసారి దూరం నుండే చదవాలి. 64వ సెక్షన్ ప్రకారం ధరలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ కమిషన్ ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించాలి.

అద్దె ఇంటివారు తమకీ చర్చతో పనిలేదనుకోరాదు. మీటరు యజమాని పేరున ఉన్నా, బిల్లు కట్టేది తామే. మీటరు ఖర్చు అద్దెలోనో అడ్వాన్సులోనో చేరవచ్చు. అట్టి వారు చేయదగిన పనులివి: ఇంట చేరే ముందు ఆర్‌ఆర్ నంబరును, మీటరు ఖర్చు ఎవరిదన్న మాటను అద్దె పత్రంలో వ్రాయించుకొనడం, బిల్లులోని ప్రతి పద్దును చదవడం, సందేహముంటే 1912కు ఫోను చేయడం, ధరల ప్రతిపాదన వెలువడినప్పుడు వసంతనగర్‌లోని కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు తమ అభిప్రాయం వ్రాసి పంపడం.