రైలుబండికి కవచము

సంగారెడ్డి పట్టణమునకు నేటికిని రైలుస్టేషను లేదు. పటాన్‌చెరువు కార్ఖానాలలో పనికి రైలుమీద వచ్చువారు లింగంపల్లిలో దిగి బస్సు పట్టవలసినదే. నేనును వికారాబాదు దారి పాసింజరులో చాలకాలము అట్లు తిరిగినవాడను. ఆ బండ్లమీదనే ఒక క్రొత్త విద్యను పరీక్షించుచుండిరని, అందు కూర్చున్న మాకే తెలియదు!

ఆ విద్యకు ‘కవచ్’ అని పేరు. కర్ణుని కవచము పుట్టుకతో వచ్చినది. ఇది అట్లు గాదు. ఇంజనుకు వేరుగను, దారికి వేరుగను తొడుగవలెను.

మొదట చిక్కు ఎక్కడనో చూతము. ఎద్దుబండి పగ్గము బిగించినచో నాలుగడుగులలో నిలుచును. ఇనుపపట్టాపై ఇనుపచక్రమునకు పట్టు తక్కువ. వేగముగ పోవు బరువైన రైలు నిలుచుటకు ఇంచుమించు కిలోమీటరు దూరము కావలెను. ముందున్న బండి కంటబడిన పిమ్మట బ్రేకు వేసిన లాభము లేదు. అందుకే సిగ్నలు దీపములు పెట్టిరి. పుష్యమాసపు మంచులోనో, నిద్రలేని రాత్రి చివరనో డ్రైవరు ఎఱ్ఱదీపమును దాటిపోయెనా, ఇక దిక్కెవరు? 2023 అక్టోబరు 29వ తేది సాయంకాలము విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి అలమండ స్టేషన్ల నడుమ, పలాస పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా మరణించిరి. ఆ దారికి అప్పటికి కవచము లేదు.

ఇది పనిచేయు తీరు వినుడు. పట్టాల నడుమ దిమ్మెలపై చిన్న పలకలు బిగింతురు. ఇంజను అడుగుననున్న యంత్రము వానిని చదివి, తాను ఏ పట్టామీద ఎంత దూరమున నున్నదో గ్రహించును. స్టేషనులోని యంత్రము ముందున్న దీపము ఎఱుపో పచ్చయో ఎత్తైన స్తంభము మీదుగా నిస్తంత్రీవిద్యచే తెలుపును. నా మాట మీకు చేరుచున్నది కూడ ఆ విద్యచేతనే గదా! ఇంజనులోని పెట్టె వేగమును, దూరమును లెక్కించి, మొదట డ్రైవరును హెచ్చరించును. అతడు వినకున్న తానే బ్రేకు వేయును. గేటు సమీపించినప్పుడు తానే ఈలయు వేయును.

ప్రయాణికుల బండ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యెను. లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు దారులలో సుమారు 250 కిలోమీటర్లు ఇందుకు ఏర్పరచిరి. 2020 జూలైలో దీనిని దేశమునకంతకును అంగీకరించిరి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డల నడుమ ఒకే పట్టాపై రెండు ఇంజనులను ఎదురెదురుగ నడిపిరి. ఒకదానిలో రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండవదానిలో రైల్వేబోర్డు అధ్యక్షుడు ఉండిరి. తమ ప్రాణములనే పణము పెట్టి పరీక్షకు కూర్చుండుట నాకు నచ్చినది. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరముననే బండి తానుగా నిలిచెను.

అయితే దీనికి హద్దు కలదు. ఇంజనుకుండి దారికి లేకున్నను, దారికుండి ఇంజనుకు లేకున్నను పని జరుగదు. మఱియు పట్టాలపై నిలిచిన ఎద్దును, గొఱ్ఱెలమందను, మనిషిని ఇది కనిపెట్టజాలదు. వారిని చూచి బండి నాపుట నేటికిని డ్రైవరు కంటిపనియే. శంకరపల్లి వైపు పట్టాలు దాటి పశువులను తోలు పిల్లలకు ఈ మాట మీరే చెప్పవలెను.