ఇరుసు కొత్తది, వయసే పాతది

పాత జీపుల ముందు ఇరుసును ఇంటి పోర్టికోలోనే విప్పి, బాగుచేసి, తిరిగి బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు. వారి పనితనాన్ని దేనితో కొలవాలో చట్టమే ఇంకా తేల్చుకోలేదు.

వెనక ఇరుసుకు ఉన్నవి రెండే పనులు. బరువు మోయడం, చక్రాలను తిప్పడం. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముందు ఇరుసుకు అంత సుఖం లేదు. అది బరువు మోయాలి, బురదలోంచి బండిని లాగాలి, అదే సమయంలో స్టీరింగ్ చెప్పిన వైపుకు చక్రాలను మళ్లించాలి. ఈ మూడు పనులూ కలిసేది చక్రం వెనకాల పెద్ద కొబ్బరికాయంత ఉండే బోలు ఇనుప గోళం దగ్గర. పాత జీపు ఇంకెంతకాలం తిరుగుతుందన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

సికింద్రాబాద్‌లోని ఓ కాలనీలో విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు కొన్ని ఆదివారాలుగా ఈ గోళంతోనే కుస్తీ పడుతున్నారు. ఆయన దగ్గరున్నది 1974 నాటి పెట్రోల్ సీజే-3బీ. గోళం మీద నూనె తడి కనిపించడం మొదటి హెచ్చరిక. గంటకు 50 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ వణకడం రెండోది. రిజిస్ట్రేషన్ గడువు ముగియడానికి కొద్ది నెలలే ఉంది. పేరు రాయవద్దన్న షరతు మీద ఆయన తన పనిని చూపించారు. అధికారుల భయం కంటే, బంధువుల ఎగతాళిని తప్పించుకోవడానికే ఆ షరతు.

ఈ బండి వంశవృక్షం పెద్దదే. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బిగించడం ప్రారంభించింది. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బీ అక్కడ ఎప్పుడో కనుమరుగైనా, ఇక్కడ దశాబ్దాల తరబడి తయారైంది. తహశీల్దారు, బ్లాక్ అభివృద్ధి అధికారి, పోలీసు ఇన్‌స్పెక్టర్, ఎన్నికల అభ్యర్థి... ప్రభుత్వం, రాజకీయం పల్లెకు వచ్చింది జీపులోనే. పాడేరు, అరకు ఘాట్‌లలో సర్వీసు జీపు ఎక్కినవారికి దాని గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

గోళంలో గుట్టు

ఇంతకీ ఆ గోళంలో ఏముంది? ఇరుసు గొట్టం చివర బిగించిన గోళం లోపలి నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్ట్ వెళుతుంది. చక్రం పక్కకు మళ్లినా షాఫ్ట్ తిరుగుతూనే ఉండాలి కాబట్టి దానికి మధ్యలో వంగే కీలు ఉంటుంది. కొన్నింటిలో అది మెకానిక్‌లు క్రాస్ అని పిలిచే జాయింటు. మరికొన్నింటిలో ఉక్కు గుండ్లతో పనిచేసే బెండిక్స్ లేదా రెజెపా జాయింటు. గోళాన్ని బయటి నుంచి కప్పుతూ నకిల్ ఉంటుంది. అది పైనొకటి, కిందొకటి ఉండే రెండు కింగ్‌పిన్‌ల మీద తలుపు బందుల మీద తిరిగినట్టు తిరుగుతుంది.

అసలు రక్షణ బాధ్యతంతా రబ్బరుదే. గోళాన్ని తుడుస్తూ ఉండే బయటి సీలు దుమ్మూ నీళ్లూ లోపలికి రాకుండా చూస్తుంది. ఇరుసు గొట్టంలో ఉండే లోపలి సీలు డిఫరెన్షియల్ నూనెను అక్కడే ఆపుతుంది. బయటి సీలు పోతే వాగు దాటినప్పుడల్లా లోపలికి నీళ్లు చేరి, గ్రీజు తెల్లని మజ్జిగలా మారుతుంది. బేరింగులు తుప్పు పడతాయి. లోపలి సీలు పోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. నూనె గోళాన్ని నింపి, అక్కడి నుంచి మెల్లగా హబ్ దాకా పాకి, బ్రేక్ షూలను తడుపుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు ఈడ్చుకుపోయేదాకా చాలామంది యజమానులకు ఈ సంగతి తెలియదు. చేతిలో పడే భాగం ధర తక్కువే. దాని మీద ఆధారపడిన ప్రాణాలు మాత్రం బండిలోనివే కాదు, రోడ్డు మీదివి కూడా.

అరచేతి విద్య

పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం లేపి, ఇనుప స్టాండ్ల మీద నిలపాలి. జాకీ లేపడానికే తప్ప మోయడానికి కాదన్నది ఇందులో మొదటి పాఠం. దాన్ని నమ్మి బండి కింద దూరినవాళ్ల కథలు ప్రతి ఆటోనగర్‌లోనూ వినిపిస్తాయి. ఆ తర్వాత చక్రం, హబ్, డ్రమ్ము, బేరింగులు, బ్రేక్ ప్లేటు వరుసగా ఊడతాయి. బ్రేక్ ప్లేటును దాని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో చట్రానికి కట్టాలి. పాత బ్రేక్ లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. స్పిండిల్ కదిలించి లాగితే షాఫ్ట్ కీలుతో సహా బయటికి వస్తుంది.

ఇక్కడి నుంచి పని నెమ్మదిస్తుంది. కింగ్‌పిన్ మూతల కింద కాగితం మందంలో ఉండే షిమ్‌లు దొరుకుతాయి. ఏ వైపువి, పైవా కిందివా అన్నది రాసి విడివిడిగా కట్టుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు లెక్క మొత్తం తప్పుతుంది. విడదీసిన ప్రతి భాగాన్నీ డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో పరీక్షించాలి. బేరింగు కప్పులో గోరుకు తగిలే గుంట ఉన్నా అది పనికిరాదు. గోళం మీద తుప్పు గుంటలు పడితే కొత్త సీలు కూడా కొన్నాళ్లకే చిరుగుతుంది. షాఫ్ట్ మీద పాత సీలు కోసిన గాడి లోతుగా ఉంటే లేత్ పని తప్పదు.

బిగింపులో కీలకమైనది కింగ్‌పిన్ బేరింగుల బిగువు. షిమ్ తీస్తే బిగువు పెరుగుతుంది, పెడితే తగ్గుతుంది. వదులుగా ఉంటే స్టీరింగ్ వణుకుతుంది. మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఎంత ఉండాలన్నది వర్క్‌షాప్ మాన్యువల్ పౌండ్లలో చెబుతుంది. గోళం సీలు బిగించకముందు నకిల్ చేతికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే, అది కదలడానికి ఎంత బలం కావాలో తెలుస్తుంది. ఈయన వాడుతున్నది పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర కనిపించే మామూలు త్రాసు. మొదటిసారి బిగువు ఎక్కువైంది. ఒక సన్నని షిమ్ చేర్చి మళ్లీ లాగారు. కావలసిన అంకె రావడానికి నాలుగుసార్లు విప్పి బిగించాల్సి వచ్చింది.

గ్రీజు పట్టించడం మాత్రం అక్షరాలా అరచేతి విద్య. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి అదుముతూ, రోలర్ల మధ్య నుంచి రెండోవైపు గ్రీజు పైకి వచ్చేదాకా తిప్పాలి. చివర్లో హబ్ నట్టును చక్రం బరువుగా తిరిగేంత బిగించి, మాన్యువల్ చెప్పిన మేరకు కొద్దిగా వెనక్కి తిప్పి, లాక్ వేయాలి. మలుపు కోణాన్ని అదుపుచేసే స్టాపర్ బోల్టును కూడా సరిచూడాలి. చక్రం అవసరానికి మించి తిరిగితే లోపలి కీలు విరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేయకూడనిది కూడా ఒకటుంది. అది క్రౌన్-పీనియన్. జతగా తయారైన ఈ రెండు చక్రాల పళ్ల మధ్య ఖాళీని డయల్ గేజ్ లేకుండా కేవలం అంచనాతో పెట్టలేం. నూనెలో ఇనుప రజను లేకపోతే, నడుస్తున్నప్పుడు ఊళ వినిపించకపోతే దాన్ని కదపకపోవడమే మేలు. అనుభవం ఉన్న మెకానిక్‌కు, ఉత్సాహం ఉన్న యజమానికి తేడా తెలిసేది ఇక్కడే.

విడిభాగాల వేట

సగం పని బజారులో జరుగుతుంది. బేరింగు దొరకదేమోనన్న భయం అక్కర్లేదు. దాని మీద చెక్కిన అంకే దాని చిరునామా. ఈ జీపు చక్రం బేరింగు కోను 18590, కప్పు 18520. జీపు పేరు ఎత్తకపోయినా ఆ అంకె చెబితే మంచి బేరింగుల దుకాణంలో సరుకు దొరుకుతుంది. జాగ్రత్త పడాల్సింది నకిలీలతోనే. గోళాలు, షాఫ్టుల కోసమైతే విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి ఢిల్లీ మాయాపురి వరకు పాత ఇనుము రాశులే దిక్కు. సైన్యం వేలం వేసిన బండ్ల భాగాలు ఇలాంటి చోట్లకే చేరతాయి. వాటితోనే ఏకంగా జీపులను తయారుచేయడంలో హర్యానాలోని మండీ డబ్వాలీ పేరు మోసింది.

పాత సామాన్లలో ఇరుసు మొత్తంగా దొరికినా పళ్ల లెక్క చూడాల్సిందే. సీజే-3బీ క్రౌన్‌కు 43 పళ్లు, పీనియన్‌కు 8. అంటే నిష్పత్తి 5.38. ముందు ఇరుసుది ఒక లెక్క, వెనక ఇరుసుది మరో లెక్క అయితే ఫోర్ వీల్ వేసినప్పుడు రెండూ చెరోవైపు గుంజుకుని గేర్లనే విరిచేస్తాయి.

పాత జీపు యజమానికి ఉన్న ఈ స్వేచ్ఛ కొత్త కారు యజమానికి అంత తేలిగ్గా దొరకదు. విడిభాగాలను, లోపాలను కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు రూ. 2,544 కోట్ల జరిమానా విధించింది. ఆ వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది. మరమ్మతు హక్కు పేరుతో కేంద్రం 2022 డిసెంబరులో ప్రారంభించిన పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉంది. హక్కు కాగితం మీదికి రావడానికి చాలాముందే జీపు మెకానిక్ దాన్ని అనుభవిస్తున్నాడు.

ఆ హక్కు ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడాలంటే పశ్చిమ బెంగాల్ వెళ్లాలి. డార్జిలింగ్ జిల్లాలో నేపాల్ సరిహద్దున ఉన్న మానేభంజాంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకు పర్యాటకులను 1950ల నాటి ల్యాండ్ రోవర్లు మోసుకెళ్లాయి. ఆ బండ్లకు 70 ఏళ్లు నిండిన సందర్భంగా 2018లో కంపెనీ ఈ ఊరిని ప్రపంచానికి చూపించినప్పుడు అక్కడ తిరుగుతున్నవి 42. ల్యాండ్ రోవర్ ముందు ఇరుసుకూ ఇలాంటి గోళాలే ఉంటాయి. డ్రైవర్లే మెకానిక్‌లు. 2008లో ఆ కంపెనీని టాటా మోటార్స్ కొనడానికి చాలాకాలం ముందే దాని పాత బండ్లను బతికించే పని భారతీయుల చేతుల్లో ఉందన్నమాట.

క్యాలెండరుతో పేచీ

అయితే రవాణా చట్టం చూసేది ముందుగా వయసునే. ప్రైవేటు వాహనానికి 15 ఏళ్లు నిండితే ఆపై అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. కార్లు, జీపులకు రూ. 600 ఉన్న రుసుము 2022 ఏప్రిల్‌లో రూ. 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని రూ. 10,000 చేశారు. తెలుగు రాష్ట్రాల్లో తనిఖీలో నెగ్గితే పాత బండి తిరగవచ్చు. ఢిల్లీ పరిసరాల్లో ఆ అవకాశం లేకుండా పోయింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో ప్రారంభించిన కట్టడిని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు 15. వయసు ఒక్కటే కారణంగా కఠిన చర్యలు వద్దని అదే కోర్టు 2025 ఆగస్టులో చెప్పినా, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనలు వింటేజ్ అన్న మరో దారి చూపాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000 కట్టాలి. బండి అసలు రూపంలోనే ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ వాడకానికి వీల్లేదు. సికింద్రాబాద్ యజమానికి అది నచ్చలేదు. కూరగాయలకు వెళ్లలేని జీపు తనకెందుకన్నది ఆయన వాదన. మార్పుల విషయంలోనూ దారి ఇరుకే. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అరిగిన బేరింగు తీసి అదే కొలత బేరింగు వేయడం మరమ్మతు. మరో మోడల్ ఇరుసు తెచ్చి వెల్డింగ్ చేయడం మార్పు. ఇంట్లో పనిచేసేవారు ఈ గీతను మరిచిపోకూడదు.

జీపు అభిమానులు ఒప్పుకోవాల్సింది కూడా ఒకటుంది. ఇరుసు ఎంత బాగుచేసినా సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ తగ్గదు. అర్ధశతాబ్దం నాటి కార్బ్యురేటర్ ఇంజన్ నేటి ఇంజన్‌తో శుభ్రతలో పోటీపడలేదు. ఢిల్లీ ఆంక్షల మూలం గాలిలో ఉంది, ఇరుసులో లేదు. అందుకే భద్రతను, పొగను కలిపి చూడకుండా విడివిడిగా కొలవడం న్యాయం. దేశంలో ఏర్పాటవుతున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో బ్రేకుల పట్టును, చక్రం పక్కకు జారడాన్ని, జాయింట్లలోని వదులును కొలిచే యంత్రాలున్నాయి. పొగను కొలిచే యంత్రం ఎలాగూ ఉంది. అవి కఠినంగా, నిజాయితీగా పనిచేస్తే అరకొర పనితనంతో రోడ్డెక్కిన బండి అక్కడే ఆగిపోతుంది. అయిదేళ్ల కారు కూడా ఆగవచ్చు.

ప్రైవేటు జీపుల్లో ఈ తరహా ముందు ఇరుసు రోజులు తగ్గుతున్నాయి. మహీంద్రా 2010లో తెచ్చిన థార్‌లోనే ముందు చక్రాలు విడివిడి సస్పెన్షన్‌కు మారాయి. 2023లో వచ్చిన మారుతి జిమ్నీ వంటి కొన్ని బండ్లే ఒంటి ఇరుసును నిలబెట్టాయి. పాతవి విప్పడం తెలిసిన మెకానిక్‌లూ తగ్గుతున్నారు. సికింద్రాబాద్ యజమానికి ఈ పని నేర్పిన ఉస్తాద్ ఇప్పుడు లేరు. ఆయన నేర్పినది యజమాని నోటుపుస్తకంలో షిమ్‌ల లెక్కగా మిగిలింది. నకిల్‌లో బిగువెంతో త్రాసు చెబుతుంది, బ్రేకు పట్టెంతో యంత్రం చెబుతుంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని తయారీ సంవత్సరం ఈ రెండింటిలో ఏదీ చెప్పదు.