చౌక విద్యుత్ కారు ఎవరికి చౌక?

2022వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన టాటా మోటార్సు సంస్థ తన ‘టియాగో’ అను చిన్న కారును విద్యుత్తుతో నడచునట్లు తయారుచేసి ప్రజల ముందుంచినది. ప్రారంభ ధర 8 లక్షల 49 వేల రూపాయలు. ఆనాడు మన దేశములో పెద్ద సంస్థలు అమ్ముచున్న విద్యుత్ కార్లలో ఇదియే చౌక. అక్టోబరు 10వ తేదీన ముందుగా సొమ్ము కట్టి పేరు నమోదు చేసికొను అవకాశము కల్పింపగా, ఒక్క దినములో 10 వేలమంది నమోదు చేసికొనిరి. మరుసటి సంవత్సరము 7 లక్షల 98 వేల రూపాయల ప్రారంభ ధరతో ఎం.జి. కామెట్ అను మరియొక చిన్న విద్యుత్ కారు వచ్చినది.

ఇట్టి వార్త వెలువడినపుడు ప్రజలలో రెండు భావములు కలుగుట సహజము. పెట్రోలు బాధ తప్పినదను సంతోషము ఒకటి. ఇది మనకు పనికివచ్చునా అను సందేహము రెండవది. హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారం ప్రాంతములను తీసికొందము. ఇచట పారిశ్రామికవాడలు కలవు, పాత కాలనీలు కలవు, క్రొత్తగా లేచిన అపార్టుమెంట్లు కలవు. నగరమునకు పడమట నున్న హైటెక్ సిటీకి ప్రతిదినము పోయి వచ్చు ఉద్యోగులు కలరు. రెండు వీథుల అవతల నున్న బడికి పోవు ఉపాధ్యాయులు కలరు. ఒకే కారు వీరందరికి ఒకే విధముగ లాభింపదు. ఏల లాభింపదో తెలిసికొనుటకు కొంత విజ్ఞానము, కొంత అంకగణితము చాలును.

పాత ఆలోచన, క్రొత్త ఘటము

విద్యుత్ కారు ఈనాటిది కాదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమును మొట్టమొదట మించిన మోటారు వాహనము విద్యుత్ వాహనమే. 1899లో కమీల్ జెనాట్జీ అను బెల్జియను దేశస్థుడు దానిని నడపెను. మన దేశమున 2001లో బెంగుళూరునుండి ‘రేవా’ అను చిన్న విద్యుత్ కారు వెలువడినది. అది సీసపు ఘటములతో నడచెడిది; ఒకసారి విద్యుత్తు నింపిన సుమారు 80 కిలోమీటర్లు పోయెడిది. ఇంటిలోని ఇన్వర్టరు క్రింద నున్న బ్యాటరీ కూడ ఈ జాతిదే.

సీసపు ఘటముల లోపము వాని బరువు. ఒక కిలోగ్రాము సీసపు బ్యాటరీ సుమారు 35 వాట్ గంటల శక్తిని మాత్రమే దాచగలదు. ఒక చిన్న కారునకు 24 కిలోవాట్ గంటలు, అనగా మన కరెంటు బిల్లులోని లెక్క ప్రకారము 24 యూనిట్లు, కావలయునన్నచో దాదాపు 700 కిలోగ్రాముల సీసపు బ్యాటరీ మోయవలసి వచ్చును. లిథియం ఘటములలో కిలోగ్రామునకు సుమారు 150 వాట్ గంటలు ఇముడును. కావున అదే శక్తికి 160 కిలోగ్రాముల ఘటములు చాలును. లిథియం అతి తేలికయైన లోహము. ఘటమును నింపునపుడు లిథియం అయానులు ధనధ్రువమును విడిచి ఋణధ్రువములోని గ్రాఫైటు పొరలలో చేరును. కారు నడచునపుడు తిరిగి వెనుకకు వచ్చును. ఈ రాకపోకలను సాధ్యము చేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

ధర తగ్గుటకు కూడ ఈ ఘటమే కారణము. 2010లో ఒక యూనిట్ విద్యుత్తును దాచగల బ్యాటరీకి ప్రపంచ విపణిలో వేయి డాలర్లకు పైగా ఖర్చయ్యెడిది. 2024 నాటికి అది సుమారు 115 డాలర్లకు దిగినది. అయినను 24 యూనిట్ల బ్యాటరీకి నేటికిని రెండు లక్షల రూపాయలకు పైబడును. విద్యుత్ కారు అదే తరగతి పెట్రోలు కారు కంటె ఖరీదగుటకు ముఖ్యకారణమిదియే.

ఒకసారి నింపిన ఎంత దూరము?

టియాగో విద్యుత్ కారులో రెండు రకములు వచ్చినవి. 19.2 యూనిట్ల బ్యాటరీ గలది 250 కిలోమీటర్లు, 24 యూనిట్లది 315 కిలోమీటర్లు పోవునని పరీక్షాఫలితములు తెలిపినవి. ఇవి నిర్ణీత వేగములతో, నిర్ణీత పరిస్థితులలో చేయు పరీక్షలు. నిజమైన రోడ్డుపై, శీతలయంత్రము వేసికొని, నలుగురిని ఎక్కించుకొని పోవునపుడు ఇంత దూరము రాదు. కిలోమీటరునకు 0.13 యూనిట్ ఖర్చగునని తీసికొనినచో, 24 యూనిట్లకు సుమారు 185 కిలోమీటర్లు వచ్చును. ఉప్పల్ నుండి వరంగల్లు సుమారు 140 కిలోమీటర్లు. కావున అచటికి చేరవచ్చును. తిరిగి వచ్చుటకు మాత్రము దారిలోనో, వరంగల్లులోనో విద్యుత్తు నింపుకొనక తప్పదు. త్వరితముగ నింపు యంత్రమునకు తగిలించినను ఇందుకు దాదాపు ఒక గంట పట్టును.

నగరములో మాత్రము విద్యుత్ కారునకు ఒక సుగుణము కలదు. ఉప్పల్ కూడలిలో ఆగి ఆగి కదలు పెట్రోలు కారు నిలిచినపుడు కూడ ఇంధనమును కాల్చుచునే యుండును. విద్యుత్ మోటారు నిలిచినపుడు ఏమియు తీసికొనదు. అంతేకాదు, వేగము తగ్గించునపుడు అదే మోటారు డైనమో వలె పనిచేసి, చలనశక్తిలో కొంత భాగమును విద్యుత్తుగ మార్చి బ్యాటరీకి తిరిగి పంపును. పెట్రోలు కారులో ఈ శక్తి యంతయు బ్రేకులవద్ద వేడిగ మారి వ్యర్థమగును. ఉప్పల్ డిపో నుండి బయలుదేరు మెట్రో రైళ్లు కూడ స్టేషనులలో ఆగునపుడు ఈ విధముగనే విద్యుత్తును తిరిగి సంపాదించును.

ప్లగ్గు ఎక్కడ?

కారు కొనువారు తరచుగ మరచు ప్రశ్న యిది. ఇంటిలో నీరు కాచు గీజరునకు వాడు 15 ఆంపియర్ల ప్లగ్గు చాలును. 230 వోల్టుల వద్ద 15 ఆంపియర్లన్నచో 3,450 వాట్లు. ఈ లెక్కన ఖాళీ బ్యాటరీ నిండుటకు ఎనిమిది, తొమ్మిది గంటలు పట్టును. అయితే ప్రతిదినము ఖాళీ బ్యాటరీని నింపనక్కరలేదు. దినమునకు 55 కిలోమీటర్లు తిరిగిన కారునకు, నింపునపుడు జరుగు నష్టమును కూడ కలుపుకొని, సుమారు 8 యూనిట్లు కావలయును. రెండున్నర గంటలలో ఆ పని ముగియును. ఇల్లు నిద్రించు వేళ కారు నిండును.

నాచారములో సొంత ఇంటి ఆవరణలో కారు నిలుపుకొనువానికి ఇది తేలిక. ఎలక్ట్రీషియనును పిలిచి, తగిన మందముగల తీగ, సరియైన ఎర్తు, ప్రత్యేకమైన స్విచ్చి పెట్టించుకొనవలెను. మీటరునకు మంజూరైన లోడు చాలునో లేదో చూచుకొనవలెను. అపార్టుమెంటులో సమస్య వేరు. కారు క్రింద, మీటరు మరియొకచోట, ఇల్లు నాలుగవ అంతస్తులో. ఉమ్మడి మీటరునుండి తీసికొన్నచో ఆ ఖర్చు అందరిపై పడును. స్వంత మీటరునుండి క్రిందికి ప్రత్యేకపు తీగ దింపుకొనుట న్యాయమైన మార్గము. 2022 జనవరిలో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ జారీచేసిన మార్గదర్శక సూత్రములు యజమానులు తమ ఇంటి కనెక్షను నుండి వాహనమును నింపుకొనవచ్చునని స్పష్టపరచినవి.

ఒకే భవనములో పది కార్లు ఒకే వేళ తగిలించినచో 33 కిలోవాట్ల భారము పడును. వేసవి రాత్రి పది గంటలకు శీతలయంత్రములన్నియు నడచుచుండగా వీథి ట్రాన్స్‌ఫార్మరునకు ఇది అదనపు బరువు. అర్ధరాత్రి దాటిన పిదప, వంతుల వారీగ నింపుకొనినచో ఆ బరువు తెలియదు. రోడ్డు ప్రక్కన కారు నిలుపువారికి మాత్రము బయటి చార్జింగు కేంద్రమే గతి. అచట యూనిట్ ధర ఇంటి ధర కంటె ఎక్కువ.

లాభనష్టముల లెక్క

ఇపుడు లెక్కకు వత్తము. 2024లో హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటి యున్నది. నగరపు రద్దీలో చిన్న పెట్రోలు కారు లీటరునకు 15 కిలోమీటర్లు పోవుననుకొందము; కిలోమీటరునకు 7 రూపాయల 13 పైసలు. ఇంటి విద్యుత్తు యూనిట్ 9 రూపాయలనుకొనినచో, విద్యుత్ కారునకు కిలోమీటరు ఖర్చు సుమారు 1 రూపాయి 30 పైసలు. మిగులు 5 రూపాయల 80 పైసలకు పైమాట. ప్రారంభ ధరలలో తేడా 3 లక్షల రూపాయలనుకొనినచో, ఆ తేడా తీరుటకు కారు సుమారు 52 వేల కిలోమీటర్లు తిరుగవలెను. బయటి కేంద్రములో యూనిట్‌కు 20 రూపాయలు చెల్లించినచో ఈ దూరము 71 వేలకు పెరుగును. ప్లగ్గు ఎక్కడనున్నదను ప్రశ్న యెంత ముఖ్యమో దీనివలన తెలియును.

ఉప్పల్ నుండి హైటెక్ సిటీకి రానుపోను దినమునకు 55 కిలోమీటర్లు, సంవత్సరమునకు 260 దినములు తిరుగు ఉద్యోగి 14,300 కిలోమీటర్లు పోవును. అతనికి మూడున్నర సంవత్సరములు దాటిన కొద్దికాలమునకే తేడా తీరును. నాచారములోని ఇంటినుండి ఉప్పల్‌లోని బడికి రానుపోను 10 కిలోమీటర్లు, సంవత్సరమునకు 240 దినములు తిరుగు ఉపాధ్యాయుడు 2,400 కిలోమీటర్లు మాత్రమే పోవును. అతనికి ఇరువదియొక్క సంవత్సరములు పట్టును. కారుతో తయారీదారు ఇచ్చు బ్యాటరీ హామీ 8 సంవత్సరములు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైన అది. ఉపాధ్యాయుని కారు 20 వేల కిలోమీటర్లయినను తిరుగకముందే ఆ హామీ ముగియును.

ఈ లెక్కలో ప్రభుత్వపు రాయితీ చేరలేదు. తెలంగాణా ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగ మినహాయించినది. ఇట్టి మినహాయింపు ఉన్నపుడు తేడా తగ్గి, లాభము త్వరగా కనబడును. అయినను సూత్రము మారదు: ఎక్కువ తిరుగు కారే ఎక్కువ ఆదాచేయును.

పొగ ఎక్కడికి పోవును?

“విద్యుత్తు కూడ బొగ్గునుండి వచ్చునదే కదా, పొగ ఇక్కడ కాక రామగుండములో లేచును” అను విమర్శ కలదు. ఇందు నిజము కలదు. పూర్తి నిజము లేదు. ఒక లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. నూరు కిలోమీటర్లకు ఇది 15 కిలోగ్రాములు. మన దేశపు విద్యుత్ జాలములో యూనిట్ ఉత్పత్తికి సగటున సుమారు 0.72 కిలోగ్రాము వెలువడుచున్నది. నూరు కిలోమీటర్లకు కావలసిన పద్నాలుగున్నర యూనిట్లకు ఇది పదిన్నర కిలోగ్రాములు. పెట్రోలు ఇంజను ఇంధనశక్తిలో నాలుగవవంతునకు మించి చక్రములకు అందింపలేదు. విద్యుత్ మోటారు బ్యాటరీ శక్తిలో ఎక్కువ భాగమును అందించును. అందువలననే బొగ్గు విద్యుత్తుతో నడచినను కొంత మేలు మిగులును. సూర్యరశ్మి, గాలులనుండి విద్యుత్తు పెరిగినకొలది ఆ మేలు పెరుగును.

కాని బ్యాటరీ తయారీయందు కూడ వాయువు వెలువడును. 24 యూనిట్ల బ్యాటరీకి అది ఒకటిన్నర నుండి రెండున్నర టన్నుల వరకు ఉండవచ్చును. ఈ అప్పు తీరుటకు కారు 30 నుండి 50 వేల కిలోమీటర్లు తిరుగవలెను. డబ్బు లెక్క చెప్పినదే వాయువు లెక్కయు చెప్పుచున్నది. ఉప్పల్ కూడలిలో నిలిచి ఊపిరి పీల్చువానికి మాత్రము లాభము మొదటి దినమునుండియే కలదు. ఆ కారు వెనుక పొగగొట్టము లేదు.

కారునకు కావలసిన పదార్థముల ప్రశ్న కూడ కలదు. పెక్కు విద్యుత్ మోటారులలో నియోడిమియం అను అరుదైన మూలకముతో చేసిన బలమైన అయస్కాంతములు వాడబడుచున్నవి. ఉప్పల్ రోడ్డున, తన పేరనే మెట్రో స్టేషను గల జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, అనంతపురం జిల్లాలోని శిలలలో నియోడిమియం మొదలగు అరుదైన మూలకములను గుర్తించినట్లు 2023లో వెల్లడియైనది. శిలలో మూలకము ఉండుట వేరు, లాభసాటిగ వెలికితీయుట వేరు. మొదటి అడుగు పడినది.

అగ్నిభయము

2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి, టియాగో విడుదలకు పదునారు దినములు ముందు, సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న ఒక హోటలు భవనములో మంటలు లేచి ఎనిమిదిమంది మరణించిరి. జనుల భయము నిరాధారము కాదు. లిథియం ఘటము లోపల ధ్రువములు ఒకదానికొకటి తగిలినను, మితిమీరి నింపినను వేడి పుట్టును. ఆ వేడి ప్రక్క ఘటమును వేడిచేయును. ఇట్లు గొలుసువలె సాగును. అన్ని లిథియం ఘటములు ఒకటి కావు. నికెలు, కోబాల్టు గలవి వేడెక్కినపుడు ప్రాణవాయువును విడిచి మంటకు తోడ్పడును. టియాగోలో వాడిన లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటములలో ప్రాణవాయువు భాస్వరముతో గట్టిగ బంధింపబడి యుండును. అందువలన ప్రమాదము తక్కువ, శూన్యము కాదు. బ్యాటరీ చుట్టును ద్రవము ప్రవహించి చల్లబరచును. వాడుకరి చేయవలసినది యొకటి కలదు: నాసిరకపు ఎక్స్‌టెన్షను తీగలతో, ఎర్తు లేని ప్లగ్గుతో నింపరాదు.

కావున కొత్త కారు మంచిదా, కాదా అని అడుగుటకంటె, సంవత్సరమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుదుము, రాత్రి ఎక్కడ నిలుపుదుము అని అడుగుట మేలు. ఎక్కువ తిరుగు టాక్సీకి, దూరపు ఉద్యోగికి ఇది లాభము. అట్టి ఉద్యోగికి కూడ 2019 నవంబరు నుండి ఉప్పల్ మీదుగ రాయదుర్గము వరకు మెట్రో కలదు. అందులో పోవు దినమున ఏ కారును కదలనక్కరలేదు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కను విద్యార్థులచే చేయింపవచ్చును. ఇంటి వాహనపు మీటరులో నెల మొదటను, చివరను అంకెలు వ్రాసికొని, కరెంటు బిల్లులోని చివరి శ్లాబు ధర చూచి, పై సంఖ్యల స్థానములో తమ సంఖ్యలు వేసిన చాలును. ఏ ప్రకటనకంటెను ఆ జవాబు వారి కుటుంబమునకు ఎక్కువ ఉపయోగపడును.