ఆర్కిడ్‌కి మందు కాదు, వేరుకి గాలి కావాలి

జీవామృతంతో వంగ, టమాటా, బెండ చక్కగా పండించే వాళ్లు కూడా ఆర్కిడ్ మొక్క తెచ్చుకుంటే కొన్ని నెలల్లోనే పోగొట్టుకుంటున్నారు. ఆకు ముడతలు పడగానే నీళ్లు ఎక్కువ పోస్తారు. అప్పటికీ కోలుకోకపోతే బజారుకెళ్లి తెగుళ్ల మందు తెచ్చి కొడతారు. నిజానికి ఈ మొక్క ఎలా బతుకుతుందో తెలిస్తే చాలావరకు మందుతో పనే ఉండదు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా. ఇవి అడవిలో చెట్ల కొమ్మలని పట్టుకుని పెరుగుతాయి. మన మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెస్సెల్లాటా కూడా ఈ జాతిదే. దాన్ని బదనిక అనుకుని పీకేసే వాళ్లున్నారు. బదనిక చెట్టు రసం పీల్చుకుంటుంది. ఆర్కిడ్ మాత్రం చెట్టుని ఆసరాగా పట్టుకుంటుందంతే. వాన నీళ్లు, బెరడు మీద కుళ్లిన ఆకుల సారం, గాలిలో తేమ, వీటితోనే బతుకుతుంది.

ముందు వేరు చూడండి

ఆర్కిడ్ వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఉంటుంది. దాన్ని వెలామెన్ అంటారు. తడవగానే నీళ్లు పీల్చుకుంటుంది, అప్పుడు వేరు పచ్చగా కనిపిస్తుంది. ఆరిపోయాక వెండి రంగుకి మారుతుంది. మనకి ఇదే గుర్తు. వేరు వెండి రంగులో ఉంటే నీళ్లు పోయండి, పచ్చగా ఉంటే ఆగండి.

నీళ్లు చాలకపోయినా ఆకు ముడతలు పడుతుంది, వేరు కుళ్లి నీళ్లు అందకపోయినా ముడతలు పడుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఆకు చూసి నీళ్లు పోయకండి. వేరుని వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బాగున్నట్టే. మెత్తబడి, పై పొర ఊడి, లోపల దారం ఒక్కటే మిగిలితే అది కుళ్లిపోయినట్టు. దాన్ని కత్తిరించేయాలి.

కత్తెరని ప్రతి మొక్కకీ ముందు మంట మీద కాల్చి, చల్లారాక వాడండి. సింబిడియం మొజాయిక్ లాంటి వైరస్‌లు కత్తెర ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతాయి. వాటిని నయం చేసే మందు రసాయనాల్లోనూ లేదు, సహజ పద్ధతుల్లోనూ లేదు. రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది.

కుండీలో మట్టి వద్దు

బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కల ముక్కలు చాలు. కొబ్బరి డొక్కలో ఉప్పు, వగరు ఉంటాయి కాబట్టి రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి వాడండి. రెండేళ్లకోసారి డొక్క ముక్కలు మార్చండి, అప్పటికి అవి కుళ్లి గాలి ఆడకుండా చేస్తాయి. కుండీ మార్చే పద్ధతి మొత్తం వీడియోలో చూపించాను.

నీళ్లు పొద్దున్నే పోయండి. ఫెలనాప్సిస్ మొవ్వులో నీళ్లు రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. నిలిచిన నీటిని దూదితో అద్ది తీసేయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే వేరు కొసలు మాడతాయి. వాన నీళ్లు పట్టుకుని వాడుకుంటే అంతకన్నా మంచిది లేదు.

సహజమైనదైనా మోతాదు ఉంది

జీవామృతం మట్టిలో ఉన్న జీవుల కోసం చేసుకునేది. ఆర్కిడ్ కుండీలో మట్టే లేదు. అందులోని పిండి, పేడ నలకలు ముక్కల మధ్య ఇరుక్కుని గాలి దారులు మూసేస్తాయి. నేనైతే వర్మీవాష్‌ని పలచటి గుడ్డలో వడకట్టి, 1 వంతుకి 20 వంతుల నీళ్లు కలిపి, 15 రోజులకోసారి ఇస్తాను. ముందు మామూలు నీళ్లతో వేరు తడిపి, ఆ తర్వాత పోస్తాను.

పిండినల్లి ఆకు మొదళ్లలో దాక్కుంటుంది. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే అక్కడ వెతకండి. కుంకుడు రసంలో ముంచిన దూదితో తుడిచేయండి. పొలుసు పురుగుని మెత్తటి బ్రష్‌తో రుద్ది తీసేయండి. వారం తర్వాత మళ్లీ చూడండి, గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి. ఎండాకాలంలో ఎర్రనల్లి వస్తే పొద్దున్నే ఆకు అడుగు భాగాన్ని నీళ్లతో కడగండి.

ఇంకా తగ్గకపోతేనే వేపనూనె. లీటరు నీళ్లకి 3 మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం కుంకుడు రసం. ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. ఎండలో కొడితే నూనె పొరకి ఆకు మాడుతుంది, కాబట్టి సాయంత్రం ఎండ తగ్గాక, గాలి ఆడే చోట కొట్టండి. పువ్వుల మీద, మొవ్వులో పడనివ్వకండి.

వెలుతురు సరిపోతోందో లేదో ఆకే చెబుతుంది. ఆకు ముదురు పచ్చగా ఉండి పూత రాకపోతే వెలుతురు చాలట్లేదు. ఆకు పసుపుకో ఎరుపుకో తిరిగితే ఎండ ఎక్కువైంది. ఫెలనాప్సిస్‌కి తూర్పు కిటికీ సరిపోతుంది. డెండ్రోబియం, వాండాలని మిద్దె మీద షేడ్ నెట్ కింద వేలాడదీయండి.

ఈసారి ఆకు వాడితే మందు సీసా కోసం వెతక్కండి. కుండీ చేతిలోకి తీసుకుని వేరు రంగు చూడండి, ఏం చేయాలో అదే చెబుతుంది.